రెండు చక్రాల మధ్య తాళం

ఎడ్లబండికి డిఫరెన్షియల్‌తో ఎన్నడూ పని పడలేదు. ఇరుసు కదలదు. దాని రెండు కొసల మీద చక్రాలు దేనికది తిరుగుతాయి, ఊడిపోకుండా చీల కాస్తుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం దొర్లుతుంది, లోపలిది తక్కువ. ఒకదాని లెక్కతో మరొకదానికి సంబంధం లేదు. లాగేవి ఎద్దులు, చక్రాలు బరువు మోయడానికే. ఆ ఏర్పాటు వేల ఏళ్లు నిక్షేపంగా నడిచింది. చక్రమే బండిని లాగాల్సిన రోజు వచ్చాక చిక్కు మొదలైంది.

ఆ చిక్కు ఎంతటిదో లెక్క వేసి చూడొచ్చు. కుడి ఎడమ చక్రాల మధ్య మీటరున్నర ఎడం ఉన్న బండి వీధి మూలలో 90 డిగ్రీలు తిరిగితే, బయటి చక్రం లోపలిదాని కంటే సుమారు 2.36 మీటర్లు ఎక్కువ దొర్లాలి. మలుపు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగించి ఆ ఇరుసును ఇంజన్‌తో తిప్పితే, ఏదో ఒక చక్రం నేలను ఒరుసుకుంటూ ఈడ్చుకుపోక తప్పదు. రైలు చక్రాలు అలా బిగించినవే. కానీ వాటి అంచు కాస్త ఏటవాలుగా ఉంటుంది, పట్టాల వంపులు చాలా నిదానంగా తిరుగుతాయి కాబట్టి సర్దుకుపోతాయి. రోడ్డు మీద ఆ వెసులుబాటు లేదు. 1770లో ఫ్రాన్స్‌లో నికొలా జోసెఫ్ క్యూన్యో ఫిరంగులు లాగడానికి కట్టిన ఆవిరి బండికి మూడే చక్రాలు. వాటిలో ముందున్న ఒక్కటే బండిని లాగేది. లాగే చక్రం ఒక్కటే అయినప్పుడు పేచీ ఎక్కడిది? ఆ బండి ఇప్పటికీ పారిస్‌లో, కన్సర్వత్వార్ అనే పేరున్న సాంకేతిక సంస్థ మ్యూజియంలో ఉంది.

ముడి విప్పిన మనిషి కూడా ఆ సంస్థవాడే. ఒనెసిఫోర్ పెకర్ గడియారాల పనిలో ఆరితేరి, అక్కడి వర్క్‌షాపులకు పెద్దగా ఉండేవాడు. 1827లో తన ఆవిరి బండి కోసం వెనుక ఇరుసును మధ్యకు రెండు ముక్కలు చేశాడు. ఒక్కో ముక్క లోపలి కొసకు ఒక పళ్లచక్రం తగిలించాడు. ఆ రెండింటితోనూ పళ్లు కలిపేలా మధ్యలో చిన్న పళ్లచక్రాలు పెట్టి, అన్నిటినీ ఒక గూటిలో బిగించాడు. ఇంజన్ తిప్పేది ఆ గూటిని. బండి తిన్నగా పోతున్నంతసేపూ చిన్న చక్రాలు తమ చుట్టూ తాము తిరగవు, గూటితో కలిసి పోతాయి. మలుపులో లోపలి చక్రం నెమ్మదించగానే అవి కదిలి, అక్కడ తగ్గిన వేగాన్ని బయటి చక్రానికి చేరుస్తాయి. ఈరోజు ఏ మెకానిక్ షెడ్డులోనైనా లారీ హౌసింగ్ విప్పితే క్రౌన్, పినియన్‌ల వెనకాల కనిపించేది ప్రాథమికంగా ఈ అమరికే. దాని పేరే డిఫరెన్షియల్.

ఎప్పుడూ దక్షిణం వైపే వేలు చూపే బొమ్మ ఉన్న ప్రాచీన చైనా రథంలోనూ ఇలాంటి యంత్రమే ఉండి ఉంటుందని 1947లో జార్జ్ లాంచెస్టర్ అనే ఆంగ్ల ఇంజనీరు ప్రతిపాదించాడు. ఆ రథం ఒక్కటీ మిగల్లేదు కనుక అది ఊహగానే ఉంది. రోడ్డు బండి కథ మాత్రం పెకర్‌తోనే మొదలుపెట్టాలి.

ఆయన యంత్రంలో ఒక మెలిక ఉంది. అది వేగాన్ని అవసరాన్ని బట్టి పంచుతుంది గానీ, బలాన్ని ఎప్పుడూ చెరిసగమే ఇస్తుంది. కాడికి కట్టిన జోడెడ్లలో ఒకటి మెడ వదిలేస్తే రెండోది ఎంత బలమైనదైనా బండి ముందుకు కదలదు, కాడి పక్కకు తిరిగిపోతుంది. డిఫరెన్షియల్ సంగతీ అంతే. ఎడమ చక్రం బురదలో పడిందనుకుందాం. అక్కడి నేల 100 న్యూటన్ మీటర్లకు మించి పట్టు ఇవ్వలేకపోతే, గట్టి నేల మీదున్న కుడి చక్రం దానికి పదింతలు తీసుకోగలిగినా, అందేది ఆ 100 మాత్రమే. ఎక్సలరేటర్ ఎంత తొక్కినా ఎడమ చక్రం గిరగిరా తిరిగి బురద చిమ్ముతుంది, కుడి చక్రం బొమ్మలా నిలబడి చూస్తుంది.

ఆ తర్వాతి రెండు వందల ఏళ్లలో ఈ యంత్రాన్ని కావాలన్నప్పుడు కదలకుండా పట్టి ఉంచే ఉపాయాలు ఎన్నో వచ్చాయి. ఒక్కోటి ఒక్కో నేల మీద, ఒక్కో పని ఒత్తిడిలో పుట్టింది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొని ఏ తాళం, అంటే ఏ లాకర్ పెట్టించాలో తేల్చుకోలేక తల పట్టుకునేవాళ్లకు ధరల పట్టికల కంటే ఈ చరిత్రే ఎక్కువ చెబుతుంది. ఏది ఎక్కడ పుట్టిందో తెలిస్తే, ఎక్కడ ఆదుకుంటుందో ఎక్కడ మొండికేస్తుందో తెలిసిపోతుంది.

తాళం కారు కంటే పాతది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ పల్లెల్లో నూర్పిడి యంత్రాలను, బరువు బండ్లను లాగిన ఆవిరి ట్రాక్షన్ ఇంజన్లు టన్నుల బరువుండేవి. మొదట్లో వాటిని నడిపేవాళ్లు వెనుక చక్రాన్ని ఇరుసుకు కలిపే ఇనుప చీలను చేత్తో తీసేసి, ఒక్క చక్రం బలంతో మలుపు తిరిగి, మళ్లీ చీల దిగ్గొట్టేవారు. డిఫరెన్షియల్ వచ్చాక ఆ అవస్థ తప్పింది. అయితే మెత్తని పొలంలో దిగబడినప్పుడు మళ్లీ చీలే దిక్కయింది, ఈసారి డిఫరెన్షియల్‌ను బిగించడానికి. మనిషి కిందికి దిగి, రంధ్రాలు ఎదురెదురుగా వచ్చేలా చూసి చీల దూర్చేవాడు. ఒడ్డెక్కాక తీసేసేవాడు. ఇప్పుడు స్విచ్చు నొక్కితే జరిగేదంతా ఆ చీల పనే.

సైకిల్ పరిశ్రమ ఊపిరి పోసుకుంటున్న కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1877లో ఇదే యంత్రాన్ని మళ్లీ కనిపెట్టినంత పనిచేశాడు. కొడుకు విలియమ్‌తో కలిసి, పక్కపక్కన కూర్చుని ఎవరి చక్రం వారు తొక్కే బండి మీద పోతుంటే, కుర్రవాడి కాలిబలం ఎక్కువై బండి అడ్డం తిరిగి ఇద్దరినీ రోడ్డు పక్క దురదగొండి మొక్కల్లో పడేసిందని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. ఇద్దరి తొక్కుడునూ ఒకచోట చేర్చి రెండు చక్రాలకూ సమంగా పంచే పళ్లచక్రాల పెట్టెతో ఆయన 'సాల్వో' బండి వచ్చింది. 1881లో విక్టోరియా రాణి కూడా ఆ బండ్లు తెప్పించుకుంది. నాలుగేళ్ల తర్వాత కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండిలోనూ డిఫరెన్షియల్ పెట్టాడు. అక్కడి నుంచి అది ప్రతి కారుకూ తప్పనిసరి అవయవమైపోయింది.

1941లో అమెరికా సైన్యంలో చేరిన విల్లీస్ జీపు నాలుగు చక్రాలతోనూ లాగేది. ఆ నాలుగు చక్రాల బలమే దానికి అంత పేరు తెచ్చింది. కానీ ముందూ వెనుకా ఉన్న రెండు డిఫరెన్షియళ్లూ తాళం లేనివే. గుంతల నేల మీద ముందు ఎడమ చక్రం, వెనుక కుడి చక్రం ఒకేసారి గాల్లోకి లేస్తే చాలు, ఆ రెండే తిరుగుతూ ఉంటాయి. నాలుగు చక్రాల బండి అక్కడే ఆగిపోతుంది. 1947 నుంచి మహీంద్రా బొంబాయిలో బిగించి అమ్మిన జీపులు, వాటి వారసులుగా మన్యం ఘాట్ల మీద దశాబ్దాలు జనాన్ని మోసిన జీపులు, ఆ తర్వాత సైన్యానికి ఇష్టమైన మారుతి జిప్సీ, ఇవన్నీ ఈ లోటుతోనే నెట్టుకొచ్చాయి. డ్రైవర్ల నేర్పు, పక్కనున్నవాళ్ల భుజబలం ఆ లోటు పూడ్చాయి. వాళ్ల కష్టాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. ఏ గేరులో, ఎంత ఊపుతో, చక్రాన్ని ఏ రాయి మీద పెట్టి పోవాలో వాళ్లకు తెలిసినంత ఏ లాకరూ నేర్పదు.

ఐరోపాలో మొదటి గట్టి ప్రయత్నం బురద వల్ల కాక వేగం వల్ల వచ్చింది. 1930లలో ఫెర్డినాండ్ పోర్షే ఆటో యూనియన్ కంపెనీకి 16 సిలిండర్ల రేసు కారు తయారుచేశాడు. దాని బలానికి మలుపుల్లోనే కాదు, గంటకు 160 కిలోమీటర్ల దాకా ఏ వేగంలోనైనా ఒక వెనుక చక్రం పట్టు తప్పి తిరిగిపోయేది. 1935లో ఆయన జెడ్‌ఎఫ్ కంపెనీ చేత, రెండు చక్రాల వేగం మరీ ఎడం కాకుండా లోపలి రాపిడితో పట్టి ఉంచే డిఫరెన్షియల్ చేయించాడు. దాన్నే ఇప్పుడు లిమిటెడ్ స్లిప్ అంటున్నారు. అది పూర్తి తాళం కాదు, సగం బిగింపు. యుద్ధంలో వచ్చిన కూబెల్‌వాగన్‌కు రెండు చక్రాల లాగుడే ఉన్నా ఆఫ్రికా ఇసుకలోనూ నడవడానికి కారణాల్లో తేలికైన ఒళ్లు ఒకటి, ఈ జెడ్‌ఎఫ్ డిఫరెన్షియల్ మరొకటి.

అమెరికా అదే యుద్ధకాలంలో మొరటు దారి పట్టింది. డెట్రాయిట్ నగరంలో పుట్టిన థార్న్‌టన్ 'నోస్పిన్', తర్వాత డెట్రాయిట్ లాకర్‌గా లోకానికి తెలిసింది. దీని పద్ధతి తలకిందులు. మామూలుగానే రెండు చక్రాలూ కలిసి బిగుసుకుని ఉంటాయి. మలుపులో బయటి చక్రం వేగం పెరిగినప్పుడు మాత్రం దాని వైపు పళ్లు తమంతట తాము విడిపోయి, మలుపు అయ్యాక మళ్లీ పట్టుకుంటాయి. స్విచ్చు లేదు, గొట్టం లేదు, డ్రైవరు ఆలోచించాల్సిన పని లేదు. బరువు లారీలకు అది వరం. తారు రోడ్డు మీద రోజూ తిరిగే బండికి మాత్రం తలనొప్పి. మలుపుల్లో టకటకమని కొడుతుంది, తడి రోడ్డు మీద వెనుక భాగం ఒక్కసారి పక్కకు గుంజినట్టవుతుంది. పొట్టి బండిలో ఆ గుంజుడు ఇంకా ఎక్కువ. అయినా దీన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లు ఉన్నారు. చెడిపోయేందుకు అందులో పెద్దగా ఏమీ లేదు.

తాళానికి నిజమైన ఇల్లు పొలం. యుద్ధం ముగిసి జర్మనీ ఆకలితో ఉన్న రోజుల్లో ఆల్బర్ట్ ఫ్రీడ్రిష్ అనే ఇంజనీరు ఊనిమాగ్ అనే వ్యవసాయ బండిని ఊహించాడు. రెండు బంగాళాదుంప సాళ్లకు సరిపోయేలా దాని చక్రాల ఎడం 1,270 మిల్లీమీటర్లుగా పెట్టారు. 1948లో తయారీ మొదలైన ఆ బండికి ముందూ వెనుకా తాళాలు పుట్టుకతోనే ఉన్నాయి. 1959లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నుంచి వచ్చిన బుల్లి హాఫ్లింగర్‌కూ అంతే. టిరోల్ కొండల గుర్రం పేరు పెట్టుకున్న ఆ బండి, ఆల్ప్స్ వాలుల మీద గుర్రం నడిచిన దారుల్లో నడవాలి. అక్కడ తాళం లేకపోతే పనే జరగదు. రష్యాలో మంచు కరిగే రుతువులో రోడ్లన్నీ జారుడు బురదైపోతాయి. అక్కడి సైన్యానికి 1964 నుంచి తయారైన గాజ్-66 లారీలో ముందూ వెనుకా తమంతట తామే బిగుసుకునే డిఫరెన్షియళ్లు పెట్టారు.

తెలుగు నేల మీద కూడా తాళం మొదట తెలిసింది రైతుకే, ట్రాక్టరు మీద. 1960లో మద్రాసులో టాఫే, 1963లో బొంబాయిలో మహీంద్రా వాళ్ల ట్రాక్టరు కంపెనీ మొదలయ్యాక, హరిత విప్లవంతో పాటు ట్రాక్టర్లు గోదావరి, కృష్ణా డెల్టాల మాగాణుల్లోకి దిగాయి. దుక్కి దున్నడం వేరు, నీళ్లు పెట్టిన మడిలో దమ్ము చేయడం వేరు. మోకాలి లోతు బురదలో రబ్బరు టైరు మెత్తని మట్టి పూసుకుని నున్నగా అయిపోతుంది, ఒక చక్రం లోతులో పడగానే రెండోది చేతులెత్తేస్తుంది. అందుకే ఇనుప దమ్ము చక్రాలు వచ్చాయి. వాటికి తోడు డ్రైవరు కాలి దగ్గర డిఫరెన్షియల్ లాక్ పెడల్ ఉంటుంది. తొక్కితే రెండు వెనుక చక్రాలూ ఒకటవుతాయి. పట్టు రాగానే కాలు తీసేయాలి. తాళం వేసి ఉండగా గట్టు దగ్గర మలుపు తిప్పబోతే ట్రాక్టరు వినదు, తిన్నగా పోతుంది. బలవంతం చేస్తే లోపల పళ్లో, ఇరుసో విరుగుతుంది. ఇంకో ప్రమాదం అంతకంటే పెద్దది. రెండు చక్రాలూ కదలలేనంతగా కూరుకుపోయినప్పుడు తాళం వేసి ఇంజన్ రేపితే చక్రం తిరగదు, చక్రం చుట్టూ ట్రాక్టరే తిరుగుతుంది. ముందు భాగం లేచి వెనక్కి పడిపోతుంది. చక్రానికి దుంగ కట్టి లాగించే అలవాటు ఇందుకే ప్రాణాల మీదికి తెస్తుంది. ఈ మాట ప్రతి ట్రాక్టరు డ్రైవరుకూ మొదటి రోజే చెప్పాలి.

అమెరికాలో మాత్రం 1956లో ప్యాకార్డ్ కార్లతో లిమిటెడ్ స్లిప్ షోరూముల్లోకి వచ్చి, కొద్దికాలానికే మధ్యతరగతి కార్లకూ పాకింది. జనరల్ మోటార్స్ పెట్టిన పాజిట్రాక్షన్ అనే పేరు అక్కడ ఇంటింటి మాటైంది. 1992లో వచ్చిన 'మై కజిన్ విన్నీ' సినిమాలో ఒక హత్య కేసు మొత్తం దాని మీదే తిరిగింది. పారిపోయిన కారు రెండు వెనుక చక్రాలూ నేల మీద సమానమైన చారలు వదిలాయి. నిందితుల 1964 బ్యూక్‌కు పాజిట్రాక్షన్ లేదు కనుక ఆ చారలు దానివి కావని మెకానిక్ కుటుంబంలో పుట్టిన అమ్మాయి కోర్టులో నిరూపిస్తుంది. ఆ పాత్ర మరీసా టోమేకు ఆస్కార్ తెచ్చిపెట్టింది. డిఫరెన్షియల్ పనితీరును అంత స్పష్టంగా చెప్పిన పాఠ్యపుస్తకాలు కూడా తక్కువే.

వెర్నన్ గ్లీస్‌మన్ 1958లో పేటెంట్ పొందిన మరో దారి తర్వాత టోర్సెన్ పేరుతో స్థిరపడింది. ఇందులో రాపిడి పళ్లేలూ లేవు, విడిపోయే పళ్లూ లేవు. మెలికల పళ్లచక్రాలు ఒత్తిడి పడినప్పుడు తమలో తామే బిగుసుకుని, పట్టు తక్కువున్న చక్రం తీసుకునే బలానికి కొన్ని రెట్లు పట్టున్న చక్రానికి ఇస్తాయి. మెత్తగా, చప్పుడు లేకుండా జరిగిపోతుంది. అమెరికా సైన్యపు హమ్‌వీలో ఇదే ఉంది. దీని బలహీనత గుణకారంలోనే ఉంది. ఒక చక్రం పూర్తిగా గాల్లో ఉంటే అది తీసుకునే బలం సున్నా, సున్నాను ఎన్నింటితో గుణించినా సున్నాయే. అందుకే హమ్‌వీ డ్రైవర్లకు ఎక్సలరేటర్ తొక్కుతూనే బ్రేకు మీద తేలిగ్గా కాలు పెట్టడం నేర్పుతారు. గాల్లో తిరిగే చక్రానికి బ్రేకు కొంత అడ్డు ఇస్తే, దాన్ని ఆసరా చేసుకుని టోర్సెన్ రెండో చక్రానికి బలం పంపుతుంది.

ఇప్పటి ఔత్సాహికులు ఎక్కువగా మాట్లాడుకునే లాకర్ ఆస్ట్రేలియాది. ఆ దేశంలో వందల కిలోమీటర్లు తారు రోడ్డు మీద నడిచి, ఆపైన ఎడారిలోకో అడవి బాటలోకో దిగాలి. ఎప్పుడూ బిగుసుకుని ఉండే తాళం తారు రోడ్డు మీద టైర్లు తినేస్తుంది, సగం బిగింపు ఇసుకలో చాలదు. టోనీ రాబర్ట్స్ అనే ఇంజనీరు గాలితో పనిచేసే తాళం చేశాడు. 1975 నుంచి మెల్‌బోర్న్‌లో ఉన్న ఏఆర్‌బీ కంపెనీ 1987లో దాన్ని కొని ఎయిర్ లాకర్‌గా అమ్మకానికి పెట్టింది. బానెట్ కింద చిన్న కంప్రెసర్, అక్కడి నుంచి ఇరుసు దాకా సన్నని గొట్టం. స్విచ్చు వేస్తే గాలి ఒక రింగును నెట్టి, పక్క పళ్లచక్రాన్ని గూటితో కలిపేస్తుంది. స్విచ్చు తీస్తే మామూలు డిఫరెన్షియల్. రోడ్డు మీద దాని ఉనికే తెలియదు. చెడేది సాధారణంగా ఇనుప భాగం కాదు, గొట్టమో సీలో. గొట్టం సైలెన్సర్‌కు దూరంగా, రాళ్లకు అందకుండా బిగించిన మెకానిక్ చేయి మంచిదైతే ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

కార్ల కంపెనీలు కూడా అదే దారికొచ్చాయి. ఊనిమాగ్ అనుభవం వెనుకనున్న మెర్సిడెస్ 1979లో జీ వాగన్ తెచ్చింది. 1990 నాటి మోడల్లో మధ్యన, వెనుక, ముందు మూడు తాళాలూ డాష్‌బోర్డు మీద బటన్లయ్యాయి. అదే ఏడాది వచ్చిన టయోటా ల్యాండ్ క్రూయిజర్ 80 సిరీస్‌లో ముందు, వెనుక తాళాలు చిన్న కరెంటు మోటార్లతో పడేవి. కాలిఫోర్నియాలోని రూబికాన్ బాట గుండ్రాళ్ల మీద 1953 నుంచి జీపుల జాతర జరుగుతోంది. జీప్ కంపెనీ 2003 మోడల్ రాంగ్లర్‌కు ఆ బాట పేరే పెట్టి, రెండు ఇరుసుల్లోనూ గాలి తాళాలు ఇచ్చింది. రాళ్ల మీద చక్రం గాల్లోకి లేవడం నిత్యకృత్యం కాబట్టి అక్కడ సగం బిగింపుతో పని జరగదు.

1997లో వచ్చిన మెర్సిడెస్ ఎం క్లాస్ అసలు తాళమే వద్దంది. ఏబీఎస్ సెన్సర్లు జారుతున్న చక్రాన్ని పసిగడతాయి, కంప్యూటరు ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేస్తుంది, బలం రెండో వైపుకు పోతుంది. హమ్‌వీ డ్రైవరు కాలితో చేసిన పనిని సెకనులో వెయ్యో వంతుల లెక్కన యంత్రం చేస్తోంది. దాదాపు అదనపు ఇనుము లేకుండా దక్కే ఈ ఉపాయం కంపెనీలకు నచ్చడంలో ఆశ్చర్యం లేదు. 2023లో మన మార్కెట్లోకి వచ్చిన మారుతి జిమ్నీది ఇదే పద్ధతి. తడిసిన మట్టి రోడ్డుకు, చిన్న గుంతలకు చక్కగా చాలుతుంది. కానీ అది స్పందించాలంటే చక్రం ముందు కొంత జారాలి. ఆ జారుడులోనే మెత్తటి రేగడిలో చక్రం జానెడు లోతుకు దిగిపోతుంది. ఇసుక తిన్నె ఎక్కుతున్నప్పుడు బ్రేకు పడిందంటే ఊపు చచ్చిపోతుంది. ఎక్కువసేపు వాడితే బ్రేకులు కాగిపోతాయి.

మన దేశంలో కంపెనీ నుంచే తాళాలతో వచ్చిన బండి అంటే 2013 నాటి ఫోర్స్ గుర్ఖా గుర్తుకు రావాలి. ముందొకటి వెనుకొకటి, సీటు పక్కన లివర్లు లాగితే పడే తాళాలు. 2014 నుంచి వానాకాలంలో గోవాలో జరుగుతున్న రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ లాంటి పోటీలు చూసినవాళ్లకు వాటి విలువ విడమరచి చెప్పక్కర్లేదు. మహీంద్రా 2015లో థార్‌కు ఈటన్ కంపెనీ యాంత్రిక తాళం ఇచ్చింది. దానికి స్విచ్చు లేదు. రెండు వెనుక చక్రాల వేగంలో నిమిషానికి సుమారు వంద చుట్ల తేడా వచ్చిందంటే లోపలి చిన్న బరువులు విసురుగా తెరుచుకుని తాళం పడేలా చేస్తాయి. వేగం పెరిగితే పడకుండా కాచుకునే ఏర్పాటూ అందులోనే ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది మంచి గురువు. నిదానంగా రాళ్లెక్కేవాళ్లకు మాత్రం చక్రం కాస్త తిరిగి, ఠక్కున పట్టుకునే ఆ క్షణం ఇబ్బందిగానే ఉంటుంది.

ఇక ఎంపిక మాటకొస్తే, మొదటి తాళం వెనుక ఇరుసుకే పడాలన్నది దాదాపు అందరూ ఒప్పుకునే సంగతి. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి వాలుతుంది, పట్టు కూడా అక్కడే ఉంటుంది. పైగా ముందు ఇరుసుకు తాళం వేస్తే స్టీరింగ్ బిర్రబిగుసుకుంటుంది, చక్రాలు పక్కకు తిప్పి ఉన్నప్పుడు జాయింట్ల మీద భారం పడుతుంది. జీ వాగన్ బటన్ల వరుసలో ముందు తాళం ఆఖరున ఉండడం ఊరికే కాదు. తాళం పడినప్పుడు, పట్టున్న ఒక్క చక్రం వైపు సగం ఇరుసు మీదికే బలమంతా వచ్చి పడుతుందన్నది మరిచిపోకూడదు. 1972లో బ్రిటిష్ సైనికాధికారి జాన్ బ్లాష్‌ఫర్డ్ స్నెల్ బృందం రెండు రేంజ్ రోవర్లతో అమెరికా ఖండాలను దాటుతూ, పనామా, కొలంబియాల మధ్య డేరియన్ అడవిలో సుమారు మూడు నెలలు పోరాడింది. పెద్ద టైర్లు, విపరీతమైన బరువు, అంతులేని బురద కలిసి వెనుక డిఫరెన్షియళ్లను పగలగొట్టాయి. బండిలో ఒక అవయవాన్ని బలపరిస్తే దెబ్బ దాని పక్క అవయవానికి పోతుందని ఆఫ్ రోడ్ మెకానిక్కులకు ఆనాటి నుంచీ తెలుసు. పెద్ద టైరు, ముందు తాళం, పాత సన్నని ఇరుసులు మూడూ కలిపే ముందు వాళ్ల మాట వినాలి.

కోనసీమ వైపు తీరంలో ఇసుక బాటలు, శ్రీశైలం చుట్టుపక్కల రాళ్ల గుట్టలు, గుంటూరు, కర్నూలు రేగళ్లు, మన్యంలో వాన కురిసిన ఎర్రమట్టి ఘాట్లు. ఈ నేలలకు ఒకే మందు పనిచేయదు. ఇసుకకు తాళం కంటే ముందు టైర్లలో గాలి తగ్గించడం కావాలి. రాళ్లకు కావలసినప్పుడు పూర్తిగా పడే తాళం, అంటే గాలిదో కరెంటుదో, దానికి దీటుగా తక్కువ గేరు కావాలి. రేగడికి తాళంతో పాటు లోతైన గాడులున్న టైరు లేకపోతే రెండు చక్రాలూ జోడుగా దిగబడతాయి. పక్కకు వాలిన జారుడు ఘాటులో తాళం తీసి ఉంచడమే మేలు. తాళం లేనప్పుడు ఒక చక్రం జారినా రెండోది బండిని పక్కకు పోకుండా నిలబెడుతుంది. తాళం ఉంటే రెండూ కలిసే జారి, బండి వెనుక భాగం లోయ వైపు నడుస్తుంది. ఏ తాళమైనా అడ్డంకి రాకముందే, చక్రం తిరగకుండా ఉన్నప్పుడే వేయాలి. గిరగిరా తిరుగుతున్న చక్రానికి ఠక్కున తాళం వేస్తే పళ్లు రాలతాయి. నెలకోసారి ఫామ్‌హౌస్ మట్టి రోడ్డు తప్ప ఇంకేమీ ఎక్కని బండికి కంపెనీ ఇచ్చిన బ్రేకు పద్ధతే చాలు. ఆ డబ్బు మంచి టైర్లకు, లాగుడు తాడుకు, వాటిని వాడడం నేర్పే శిక్షణకు పెడితే ఎక్కువ ఉపయోగం.

2024లో వచ్చిన థార్ రాక్స్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో వెనుక తాళం కరెంటుతో పడుతుంది. దాంతో పాటు ఇంటెలిటర్న్ అనే ఏర్పాటు కూడా ఉంది. ఇరుకు మలుపులో లోపలి వెనుక చక్రానికి మాత్రమే బ్రేకు వేసి, దాని చుట్టూ బండిని గిర్రున తిప్పుతుంది. డెల్టా రైతులు మడి చివర గట్టు దగ్గర, ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్లలో లోపలి వైపుది ఒక్కటే తొక్కి ఇలాగే తిప్పుతున్నారు. ఆ పెడళ్లను కలిపే కొక్కెం పొలంలో విడదీసి, రోడ్డెక్కే ముందు తగిలించడం వాళ్లకు పిల్లల వయసులోనే వంటబట్టిన పని. మహీంద్రా ట్రాక్టర్లు ఇప్పుడు తెలంగాణలోని జహీరాబాద్‌లోనూ తయారవుతున్నాయి. వాటి మీద తాళం పెడల్, విడి బ్రేకులు రెండూ డ్రైవరు కాలి కిందే ఉంటాయి.